కడబంతిలో కూర్చుని చూడాలి: విశాఖలో లంగర్ భోజనం

విశాఖలో ‘గురుద్వారా’ అనగానే చాలామందికి గుర్తొచ్చేది జంక్షన్. మద్దిలపాలెం నుంచి ఎన్ఏడీ వైపు వెళ్లే దారిలో ఆటో ఆపించి దిగే చోటు. ఆ పేరు రోజూ పలికేవాళ్లలో కూడా సిక్కుల ప్రార్థనా మందిరమైన గురుద్వారా గడప దాటి, నేల మీద కూర్చుని లంగర్, అంటే అక్కడ అందరికీ ఉచితంగా పెట్టే భోజనం, చేసినవాళ్లు తక్కువ. మనల్ని రానిస్తారా, డబ్బులెంత, పంజాబీ రాదు కదా అనే సందేహాలు అడ్డం పడతాయి. ఎవరైనా వెళ్లొచ్చు, ఎవరూ డబ్బు అడగరు, మాట రాకపోయినా కూర్చోవడం వస్తే చాలు.

ఇది ఏదో ఒక గురుద్వారాకు వేసే మార్కు కాదు. లంగర్ అనే భోజన పద్ధతి ఈ ఊరి ఉక్కలో, ఈ ఊరి నీళ్లతో, అన్నం లేకపోతే కడుపు నిండని జనం మధ్య ఎలా నిలబడుతుంది, ఎక్కడ తడబడుతుంది అన్నది చూడటమే పని. హోటల్‌ను చూసినట్టు రుచి, శుభ్రత, ధర అనే కొలతలతో దీన్ని చూస్తే సగమే తెలుస్తుంది. దీనికి సరిపోయే కొలత మన సామెతలోనే ఉంది: వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదు. పెళ్లిళ్లలో, సంతర్పణల్లో తరతరాలుగా చూసి చూసి జనం చెప్పిన మాట అది. గారెలు ముందు బంతికి, చారు చివరి బంతికి. వడ్డించేవాడు ఎవరైనా సరే, కడబంతికి అదే పప్పు, అంతే చిక్కగా, అంతే వేడిగా రావాలన్నది లంగర్ పట్టుదల. కాబట్టి లంగర్ బాగుందో లేదో తేల్చుకోవాలంటే చివరి వరుసలో కూర్చోవాలి.

భోజనాల వరుసను సిక్కులు ‘పంగత్’ అంటారు. మన బంతి, వాళ్ల పంగత్, రెండూ ‘పంక్తి’ నుంచి పుట్టినవే. గురు నానక్ (1469–1539) కర్తార్‌పూర్‌లో మొదలుపెట్టిన ఉమ్మడి వంటను మూడో గురువు అమర్‌దాస్ గోయింద్‌వాల్‌లో నియమంగా మార్చారు: ముందు పంగత్, తర్వాతే సంగత్. అంటే గురువును చూడాలంటే ముందు అందరి పక్కన కూర్చుని తినాలి. అక్బర్ పాదుషా వచ్చినప్పుడు కూడా ఆ నియమం సడలలేదని సిక్కు సంప్రదాయం చెబుతుంది. ఎవరి పక్కన కూర్చుని తినాలో కులం తేల్చే కాలంలో పెట్టిన షరతు ఇది. మంచి మాటలు వినిపించి అహం తగ్గిద్దామని వాళ్లు అనుకోలేదు. ముందు మోకాళ్లు మడిచి కూర్చోమన్నారు.

అహాన్ని వాళ్లు ‘హౌమై’ అంటారు. ‘నేను, నేను’ అనే రెండు మాటలు అతుక్కుని పుట్టిన పదం. అది దీర్ఘరోగమని, దాని మందు కూడా దానిలోనే ఉందని రెండో గురువు అంగద్ అన్నారు. మందు ఏ రూపంలో వస్తుందో లంగర్ హాల్లో కనిపిస్తుంది: చాప, చేతులు, గరిట, అంట్ల తొట్టి. ఈ నాలుగూ సరిగ్గా ఉంటే లంగర్ నిలబడుతుంది.

చాపతో మొదలుపెడదాం. రెండడుగుల వెడల్పు పట్టాలు పొడవుగా పరుస్తారు. మనిషికి అడుగున్నర చోటు, ఎదురెదురు వరుసల మధ్య కనీసం నాలుగడుగుల దారి ఉండాలి. జనం ఎక్కువయ్యారని దారిని రెండున్నర అడుగులకు కుదిస్తే రెండు బకెట్లు ఎదురుపడతాయి, కూర్చున్నవాళ్ల భుజాల మీద పప్పు పడుతుంది, వడ్డన ఆగుతుంది. ఆ ఆగడం వల్ల నష్టపోయేది మళ్లీ కడబంతే. కెనడా గురుద్వారాల్లో బల్లలు, కుర్చీల మీద గొడవ ముదిరినప్పుడు లంగర్ నేల మీదే తినాలని 1998లో సిక్కుల అత్యున్నత మత పీఠం అకాల్ తఖ్త్ ఆదేశించింది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్ల సంగతేమిటి? వరుస చివర ఒక పొట్టి బల్లో స్టూలో వేస్తే సరిపోతుంది. నొప్పి లేనివాళ్లు ఆ బల్లలను ముందే పట్టేసుకోవడం మాత్రం బాగోదు. మన దగ్గర అది తరచుగా జరిగేదే.

ఇక చేతులు. రొట్టెను ‘ప్రషాదా’ అంటారు, రెండు చేతులూ చాచి తీసుకుంటారు. తెలుగువాళ్లకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. తినడం మొదలుపెట్టాక కుడిచెయ్యి ఎంగిలి, ఎడమచెయ్యి చాపితే మర్యాద కాదు. అందుకని చాలామంది కంచం ముందుకు జరిపి అందులో వెయ్యమంటారు. వడ్డించేవాళ్లు కాసేపు ఆగుతారు, మళ్లీ చేతులే చాపమని సైగ చేస్తారు. రెండు అరచేతులూ పక్కపక్కన పైకి తిప్పి పట్టుకుంటే చాలు, రొట్టె పైనుంచి తాకకుండా జారుతుంది, ఎంగిలి అంటదు. ఒక మిల్లు యజమాని, అతని డ్రైవరు పక్కపక్కన కూర్చుని చేతులు చాపి అడిగే ఆ క్షణం కోసమే ఈ పద్ధతంతా. దాన్ని కంచంలోకి మళ్లిస్తే లంగర్ కాస్తా క్యాంటీన్ అవుతుంది.

రొట్టె లెక్క ఇదీ. కిలో గోధుమపిండికి 600 నుంచి 650 మిల్లీలీటర్ల నీళ్లు, 40 గ్రాముల ఉండలు చేస్తే 40 రొట్టెలు. మనిషికి మూడు చొప్పున వంద మందికి 8 కిలోల పిండి చాలదు, 9 కలపాలి, ఎందుకంటే మొదటి పెనం రొట్టెలు, అంచులు ఎండినవి పోతాయి. పిండి కలిపి అరగంట తడిగుడ్డ కింద నాననివ్వకపోతే రొట్టె పొంగదు, నమిలితే సాగుతుంది. విశాఖలో అసలు ఇబ్బంది కాల్చాక వస్తుంది. సముద్రపు తేమకు మూతపెట్టిన డబ్బాలో ఆవిరి నీరుగా మారి కింది రొట్టెలు ముద్దవుతాయి. ఆ భయంతో తెరిచి ఉంచితే ఫ్యాన్ గాలికి పది నిమిషాల్లో తోలులా తయారవుతాయి. దీనికి మందు వెదురు బుట్ట, లోపల రెండు మడతల నూలుగుడ్డ, పైన ఇంకో గుడ్డ. దానికంటే ముఖ్యం, కాల్చిన రొట్టె ఇరవై నిమిషాల్లో ఎవరి చేతుల్లోనో పడాలి. గంట ముందే మూడొందలు కాల్చి గుట్ట వేసే వంటగదిలో హడావిడి తక్కువే, రుచీ తక్కువే. పండగ రోజుల్లో రొట్టెల మిషన్ పెట్టడంలో తప్పేమీ లేదు, అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలోనూ మిషన్లున్నాయి. మామూలు వారాల్లో మాత్రం పీటలు, కర్రలే మేలు. పక్కపక్కన కూర్చుని రొట్టెలు వత్తే పదిమందిలో ఎవరు ఎవరో తెలియకపోవడం ఆ వంటగదికి దక్కే లాభం.

పప్పు దగ్గర కాసేపు ఆగాలి, లంగర్‌కు ప్రాణం అదే. ఎక్కువగా కనిపించేది పొట్టుతో ఉన్న నల్ల మినుములు, శనగపప్పు కలిపి వండేది. వంద మందికి 4 కిలోల మినుములు, కిలో శనగపప్పు, 25 నుంచి 30 లీటర్ల నీళ్లు, 300 గ్రాముల ఉప్పు, 2 కిలోల చొప్పున ఉల్లి, టమాటా, 400 గ్రాముల అల్లం, కిలోకు కాస్త తక్కువ నెయ్యి. పంజాబ్‌లో చలికాలం రాత్రంతా నానబెట్టే అలవాటును మే నెలలో ఇక్కడ పాటిస్తే తెల్లారేసరికి నీళ్ల మీద నురగ, పులిసిన వాసన వస్తాయి. ఇడ్లీపిండి పులిసినట్టే మినుములూ పులుస్తాయి. మన ఎండలకు ఆరు గంటలు చాలు, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. బోరు నీళ్లతో వండితే పప్పు ఎంతసేపు ఉడికినా గట్టిగానే ఉంటుంది, సున్నం ఎక్కువున్న నీటిలో పొట్టు మెత్తబడదు. కుళాయి నీళ్లు పట్టి ఉంచుకోవాలి. టమాటాలను ముందే వేస్తే అదే సమస్య, పులుపు తగిలితే గింజ బిగుసుకుంటుంది. పప్పు వేళ్ల మధ్య చిదిమితే నలిగాకే పోపు, టమాటా కలపాలి.

అడుగంటడం మరో పెద్ద ముప్పు. పలచటి అల్యూమినియం డేగిసాకు గ్యాస్ మంట మధ్యలోనే గట్టిగా తగులుతుంది. పప్పు చిక్కబడే చివరి గంటలో కలపడం ఆపితే మాడు మొత్తానికీ పడుతుంది. మాడిందని తెలిశాక అడుగు గోకకూడదు. పై పప్పును వెంటనే వేరే గుండిగలోకి మార్చేయాలి. చాలామంది కంగారులో గరిటతో గోకి ఉన్న మాడును అంతా కలిపేస్తారు.

ఇప్పుడు సామెత దగ్గరికి రావచ్చు. గుండిగలో పప్పు నిలవున్నకొద్దీ గింజ కిందికి, నీళ్లు పైకి చేరతాయి. కలపకుండా పైనుంచి ముంచితే మొదటి బంతికి చారులాంటి పప్పు, చివరి బంతికి ముద్ద. పైగా చల్లారేకొద్దీ మినప పప్పు చిక్కబడుతుంది, మూడో పంగత్ వచ్చేసరికి బకెట్‌లో జారదు. కాబట్టి పొయ్యి పక్కన ఎప్పుడూ మరిగే నీళ్ల గిన్నె ఉండాలి. ప్రతి బకెట్ నింపేముందు అడుగునుంచి కలిపి, అవసరమైతే అర లీటరు వేడినీళ్లు పోసి, ఉప్పు చూడాలి. చన్నీళ్లు పోస్తే పప్పు విరిగినట్టై పచ్చివాసన వస్తుంది. పది లీటర్ల బకెట్‌లో మనిషికి 250 మిల్లీలీటర్ల లెక్కన 40 మందికి వస్తుంది. ఆ బకెట్ పట్టుకున్నవాళ్లు నలుగురైదుగురికి ఒకసారి గరిటను అడుగుదాకా తిప్పాలి. ఇది మోచెయ్యి నొప్పి పెట్టే పని. సమానత్వం గురించి ఎన్ని మాటలు చెప్పినా, కడబంతి కంచంలోకి అది ఈ మోచెయ్యి ద్వారానే చేరుతుంది. తెలిసినవాళ్ల దగ్గర గరిట ఒక క్షణం ఎక్కువసేపు ఆగడం కూడా కళ్లకు కనిపించేదే. బాగా నడిచే లంగర్‌లో వడ్డించేవాళ్లు మొహాలు చూడరు, కంచాలు చూస్తూ పోతారు.

పాయసం ఉన్న రోజు అదృష్టమే. రెండో గురువు భార్య మాతా ఖీవీ లంగర్‌లో నెయ్యి కలిపిన ఖీర్ వడ్డించారని గురు గ్రంథ్ సాహిబ్‌లోనే ఉంది. వంటగదిలో ఉన్న ఒక ఇల్లాలి పేరు మతగ్రంథంలో నిలవడం చిన్న సంగతి కాదు. 10 లీటర్ల పాలు, 700 గ్రాముల బియ్యం, కిలోంబావు పంచదార. పంచదార బియ్యం పూర్తిగా ఉడికాకే వేయాలి, ముందు వేస్తే మెతుకు పలుకుగా ఉండిపోతుంది. మన పరమాన్నం కంటే పలచగా, మెతుకు చితికిపోయేలా వండుతారు. బెల్లం వాసనకు అలవాటుపడ్డ నోటికి మొదట చప్పగా అనిపించినా, రెండో గరిట అడిగించుకుంటుంది.

కడా ప్రసాదం వేరు, లంగర్ వేరు. ప్రార్థన హాల్లో గురు గ్రంథ్ సాహిబ్ ముందు పంచేది కడా ప్రసాదం. గోధుమపిండి, నెయ్యి, పంచదార మూడూ సమానంగా, నీళ్లు పిండికి మూడింతలు. కిలో చొప్పున చేస్తే పిడికెడు చొప్పున వంద మందికి వస్తుంది. పిండిని నెయ్యిలో మధ్య మంట మీద ఇరవై నిమిషాలకు పైగా, బాదంపప్పు రంగు వచ్చి నెయ్యి పైకి తేలేదాకా వేయించాలి. తొందరపడితే పచ్చిపిండి వాసన మిగులుతుంది. పంచదార నీళ్లు మరుగుతుండగానే పోయాలి, చల్లారినవి పోస్తే ఉండ కడుతుంది. పోసేటప్పుడు ఎగసిపడుతుంది, పొడుగు గరిట ఉండాలి. తీసుకునేవాళ్లు కూర్చుని, దోసిలి పట్టాలి. ఎవరికీ పెద్ద ముద్ద, చిన్న ముద్ద ఉండకూడదు. షుగర్ ఉన్నవాళ్లు కొంచెం చాలని ముందే చెప్పొచ్చు, వద్దని చెయ్యి అడ్డం పెట్టడం కంటే అది మర్యాద. చేతికి అంటిన నెయ్యిని చాపకు తుడవకండి.

తెలుగు నోటికి వచ్చే ఇబ్బందులు దాచడం ఎందుకు? పప్పులో చింతపండు ఉండదు, కారం తక్కువ. ఊరగాయ ఉంటే అందులో ఆవనూనె ఘాటు తగలొచ్చు, నువ్వులనూనె ఆవకాయ అనుకుని పెద్ద ముక్క తీసుకోవద్దు. అన్నం పెట్టే రోజున కూడా పప్పు రొట్టెకు తగ్గట్టు చిక్కగా ఉంటుంది, అన్నంలో కలిపితే పిడచ కడుతుంది. అన్నం తక్కువ పెట్టించుకుని పప్పు రెండు గరిటలు వేయించుకుంటే కుదురుతుంది. ఇంటి నుంచి పచ్చడి సీసా తెచ్చుకుని పంగత్‌లో తెరవకూడదు. పక్కవాడికి లేనిది మన కంచంలో ఉండటం అక్కడ పెద్ద లోటు. మాంసం వండరు, ఏ మతం, ఏ నియమం ఉన్నవాళ్లైనా కలిసి తినగలగాలన్నదే అందులో ముఖ్యమైన మేలు. గురు నానక్ జయంతి కార్తీక పౌర్ణమి నాడే వస్తుంది. ఆ రోజు మనలో చాలామంది ఉపవాసం ఉంటారు, నక్తం పాటించి రాత్రి మాత్రమే తినేవాళ్లు పగటి లంగర్‌కు వెళ్లి ఇబ్బంది పడకుండా సాయంత్రం లంగర్ ఉందేమో కనుక్కుని బయల్దేరాలి. వృథా అతి పెద్ద తప్పు. మారు ఎన్నిసార్లైనా వడ్డిస్తారు కాబట్టి మొదట తక్కువే పెట్టించుకోవాలి. ‘బస్’ అని చెయ్యి అడ్డం పెడితే ఆగుతారు.

అంట్ల తొట్టి దగ్గర నిలబడి చూస్తే నిర్వహణ ఎంత బాగుందో తెలిసిపోతుంది. మొదట మిగిలింది దులిపే డబ్బా, తర్వాత సబ్బునీళ్ల తొట్టి, ఆపై రెండు కడిగే తొట్టెలు, చివర ఆరబెట్టే చోటు. కంచాలు ఎప్పుడూ ఒకే దిక్కుకు కదలాలి. సబ్బునీళ్లు గోరువెచ్చగా లేకపోతే నెయ్యి జిడ్డు వదలదు, వేలితో రాస్తే తెలుస్తుంది. చివరి తొట్టిలో నీళ్లు మసకబారితే మార్చేయాలి. ఇంకో వంద కంచాలు కానిద్దాం అనుకునే చోట తర్వాతి పంగత్‌కు జిడ్డు కంచాలు వస్తాయి. ఎంగిలి కంచం ఎత్తడం మన ఇళ్లల్లో ఎవరి పని అని ఎంచుతారో అందరికీ తెలుసు. ఇక్కడ ఆ పనికి పోటీ ఉంటుంది. సిక్కు నియమం తప్పినవాళ్లకు అకాల్ తఖ్త్ వేసే ‘తన్ఖాహ్’ అనే శిక్షలో కూడా అంట్లు తోమడం, జోళ్లు తుడవడం ఉంటాయి. 2024 డిసెంబరులో పంజాబ్ మాజీ ఉప ముఖ్యమంత్రి సుఖ్‌బీర్ సింగ్ బాదల్‌కు అలాంటి సేవే విధించారు. తప్పు చేసినవాడికి శిక్ష, చేయనివాడికి సేవ. తొట్టి మాత్రం ఒకటే. ఈ పద్ధతిలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

అహం వెనకదారిలో మళ్లీ వచ్చే చోటు దాత. పుట్టినరోజుకో పెళ్లిరోజుకో లంగర్ ఖర్చు పెట్టుకునే ఆచారం ఉంది, మంచిదే. ఫొటోగ్రాఫర్‌ను తెచ్చి గరిట పట్టుకుని మూడు కంచాల వరకే వడ్డించి వెళ్లడం మంచిది కాదు. ఇవ్వాలనుకుంటే ముందు వంటగదిలో ఏది తక్కువుందో అడగండి. అందరూ పంచదార, పప్పు తెస్తారు. గ్యాస్, ఉప్పు, అంట్ల సబ్బు ఎవరికీ తోచవు. డబ్బయితే హుండీలాంటి గోలక్ పెట్టెలో వేయండి, అక్కడ వంద రూపాయలు, లక్ష రూపాయలు ఒకే చీలికలోంచి పడతాయి. ఇచ్చాక మీరూ చాప మీద కూర్చుని తినండి.

సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున 32 కిలోమీటర్ల పొడవునా జనం పులిహోర పొట్లాలు, మజ్జిగ పంచుతారు. ఆ దయ ముందు ఎవరైనా తల వంచాల్సిందే. అయితే పొట్లం నిలబడి ఇస్తే నిలబడి తీసుకునేది, ఇచ్చినవాడు ఇచ్చినవాడిగానే మిగులుతాడు. లంగర్‌లో ఇచ్చినవాడు కాసేపటికి కింద కూర్చోవాలి. అందుకే నడక పండగలకు పొట్లం సరిపోతుంది, లంగర్‌ను మాత్రం పొట్లాలు కట్టి పంచితే సగం పోతుంది.

వెళ్లేవాళ్లకు నాలుగు ముక్కలు. సిగరెట్లు, గుట్కా, మద్యం జేబులో కూడా ఉండకూడదు. చెప్పులు బయట వదిలి, చేతులు, కాళ్లు కడుక్కోవాలి. ఆడవాళ్లైనా మగవాళ్లైనా తల కప్పుకోవాలి, టోపీ పనికిరాదు, చేతిరుమాలో చున్నీయో కావాలి. నూలు రుమాలైతే జారదు, సిల్కుదైతే కంచం మీదికి వంగినప్పుడల్లా ముందుకు వస్తుంది. ముందు హాల్లోకి వెళ్లి దండం పెట్టుకుని, గ్రంథం వైపు కాళ్లు చాపకుండా కాసేపు కూర్చుని, తర్వాత భోజనానికి రావడం పద్ధతి. తిన్నాక కంచం మీరే ఎత్తి తొట్టి దాకా తీసుకెళ్లండి. ఒక గంట ఉండగలిగితే ఉల్లిపాయలు తరిగే చోట చోటుంటుంది, ఎవరూ పేరడగరు. మొదటిసారే బకెట్ పట్టుకోవద్దు, పది లీటర్ల వేడి పప్పు వంగి వడ్డించడం అలవాటు మీద వచ్చేది. నీళ్ల జగ్గుతో మొదలుపెట్టండి.

జనం తగ్గాక చివరి పంగత్ పడుతుంది. అందులో కూర్చునేది వండినవాళ్లు, వడ్డించినవాళ్లు, అంట్లు తోమినవాళ్లు. వీలైతే అప్పటిదాకా ఉండి వాళ్ల కంచాలు చూడండి. గుండిగ అడుగున మిగిలిన పప్పులో వేడినీళ్లు పోసి, కలిపి, ఉప్పు చూసి, అదే గరిటతో అదే కొలత పోస్తారు. రొట్టెలు తక్కువైతే తలా రెండు. ఇంకో పెనం వేద్దామా అని ఒకరు అడుగుతారు, చాలని మిగతావాళ్లు చేతులు చాపుతారు.